నిలిచిన యతిథి

అతిథి యను పదమునకు పూర్వులు చెప్పిన వ్యుత్పత్తి అందఱును ఎఱిగినదే. రాకకు తిథినియమము లేనివాడు అతిథి. మనుస్మృతి తృతీయాధ్యాయము దీనికి మఱియొక మాట చేర్చినది. పరుల యింట ఒక్క రాత్రి మాత్రము వసించువాడే అతిథి యట. నిలుకడ లేనివాడగుటచేతనే వానికా పేరు కలిగినదట. ఈ నిర్వచనమును కొంచెము నిదానించి చూచినయెడల ఒక విశేషము తోచును. అతిథిని దైవముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు బోధించినపుడు మన మనస్సునకు వచ్చు మూర్తి యెవరిది? సంధ్యవేళ వచ్చి, కాళ్లు కడుగుకొని, పెట్టినది భుజించి, అరుగుమీద పరుండి, తెల్లవాఱకమునుపే దారిపట్టు బాటసారిది. ఇరువది దినములో నెలదినములో ఉండదలచి, పెట్టెయు పరుపును దింపుకొన్నవానికి ఆ నిర్వచనములో చోటు లేదు. దైవపూజ యొకరాత్రికి విధింపబడినది. దానిని నెలదినములకు సాగదీసినచో పూజ యేమగును, పూజారి యేమగును, దైవమేమగును అను ప్రశ్న మనకు విడువబడినది.

ఈ ప్రశ్న నేడు గ్రంథములలో మిగిలిపోయిన ప్రశ్న గాదు. పట్టణములలో ఉద్యోగములు చేయు యువతీయువకులు కొంతకాలము పని మాని, ఆఱు నెలలో సంవత్సరమో దేశసంచారము చేయుట యీ కాలమున పెరుగుచున్నది. నే నుపాధ్యాయుడను, నా యొద్ద చదువుకొన్నవారిలోనే అట్లు బయలుదేఱినవారు కలరు. ఇది మెచ్చదగిన కోరికయే. దేశమును చూడక దేశమును గూర్చి మాటాడువారికంటె, చూచి మాటాడువారు మేలు. కాని సంవత్సరమంతయు బసలకు అద్దె చెల్లించుటకు అందఱి సంచియు చాలదు. చాలినను, అద్దెగది కిటికీనుండి కనబడునది దేశము గాదు, ఎదుటి గోడ. కావున వీరు మిత్రుల యిండ్లలో దిగుదురు. ఒక యింట మూడు దినములు, ఒక యింట మూడు వారములు. మిత్రుడు "రమ్ము, ఎన్నినాళ్లయినను ఉండుము" అని పిలుచును. మనస్ఫూర్తిగానే పిలుచును. చిక్కంతయు ఆ "ఎన్నినాళ్లయినను" అను మాటలోనే యున్నది.

పూర్వము దీర్ఘయాత్ర వేఱొక తీరున నడచెడిది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీని మరల యిల్లు చేరిరి. పదునైదు నెలలు దాటిన యా ప్రయాణములో వారి వెంట బంధువులును, పరిజనులును, పల్లకి మోయు బోయీలును కలిసి దాదాపు నూఱుమంది యుండిరి, డేరాలుండెను. అనగా ఆయన తన యింటిని తనతోడనే మోయించుకొనిపోయిరి. అంత కలిమి లేని బాటసారికి సత్రములుండెను. సత్రము లేనిచోట పుణ్యాత్ములుండిరి. గోదావరీ పాయల నడుమ లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళగానివేళ వచ్చినవారికిని వండి వడ్డించి, అపరాన్నపూర్ణ యని పేరొందిరి. అయినను ఆమె వాకిట నిలిచినవారు ఏఱు దాటవలసిన బాటసారులు. తిని, సేదదీఱి, సాగిపోవువారు. తన యింటిని తాను మోసికొనిపోవు శ్రీమంతుడొకవైపు, ఒక పూట నిలిచి పోవు బాటసారి యొకవైపు. ఈ యిరువురి నడుమ మూడవవాడు, మిత్రగృహమున వారములకొలది నిలుచు యాత్రికుడు, ఒకప్పుడు అరుదు, నేడు సామాన్యుడు. వాని ధర్మమేమో మనము నిర్ణయించుకొనవలసియున్నది.

ఈ విచారమునకు కొల్లేటి తీరముకంటె తగిన చోటు నాకు కనబడదు. ఏలూరిలోనో తాడేపల్లిగూడెములోనో రైలు దిగినవాడు ఎంతోసేపు గడువకముందే ఆ నీటిచెంతకు చేరవచ్చును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లమున పరచుకొన్న మంచినీటి సరస్సది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు ఏఱులును, రెండు డెల్టాల పొలములలోని మురుగుకాలువలును దానిలో కలియును. కలిసిన నీరు ఉప్పుటేటి దారిని సముద్రమునకు పోవును. నీటి నడుమను, అంచులను లంకగ్రామములున్నవి. మార్గశిర పుష్యమాసములలో తెల్లవాఱుజామున మంచు నీటిమీద తెరవలె దిగియుండగా, దాని చాటున ఎక్కడనో దోనె నెట్టుకొనిపోవువాని గడచప్పుడు వినబడును. ఉత్తరదేశములనుండి వచ్చిన బాతులు గుంపులుగా లేచును. పట్టణపు గాలికి అలసిన యాత్రికుడు నాలుగు దినములని వచ్చి నలువది దినములున్నను వింత యేమున్నది?

అట్టి యొక లంకగ్రామమున, నీటివైపునకు అరుగు గల యొక మిత్రుని యింట, నేను సెలవులలో కొన్నిదినములుంటిని. అప్పటికే యా యింట మఱియొక యతిథి మూడు వారములుగా బసచేసియుండెను. దేశమంతయు చుట్టివచ్చుచున్న విద్యావంతుడు, మాట మృదువు, పిల్లలతో ఆటలాడువాడు. అతనియందు లోపమెన్నుటకు ఏమియు లేదు. అతడు ప్రతి ఉదయమును అరుగుమీద నిలిచి, లోపలనుండి బిందెతో తెప్పించుకొన్న నీటితో ముఖమును, కాళ్లును చల్లగా కడుగుకొనుచు, ఎదుట ఆకాశమువఱకు వ్యాపించిన సరస్సును చూచి పరవశుడగుచుండెను. ఆ బిందెలోనిది కొల్లేటి నీరు గాదు. వేసవిలో సరస్సు తగ్గినపుడు ఉప్పుటేటి వెంట సముద్రపు ఉప్పునీరు వెనుకకు ఎగదన్నును. పట్టణముల మురుగును, పొలములలో చల్లిన మందులును, చేపలచెఱువుల మడ్డినీరును సరస్సులో చేరుచున్నవి. కనుచూపుమేర నీరే యున్నను, పెక్కు లంకగ్రామములవారు త్రాగునీటిని దూరమునుండి తెచ్చుకొనవలసినదే, లేదా డబ్బాలలెక్కను కొనవలసినదే. ఆ యింటి యిల్లాలు అతిథితో ఒక్క మాటయు అనలేదు. రెండు బిందెలు చాలు యింట నాలుగు బిందెలు నింపుట మాత్రము ఆమె వంతయ్యెను.

ఈ చిన్న విషయమును నేను నిందకొఱకు చెప్పుటలేదు. ఇది యొక సూత్రమునకు ఉదాహరణముగా నిలుచును గనుక చెప్పుచున్నాను. ప్రతి యింటను ఒక కొల్లేరును, ఒక బిందెయు కలవు. అతిథి కన్నులకు కనబడు సమృద్ధి కొల్లేరు. ఇంటివారికి మాత్రమే తెలిసిన కొఱత బిందె. ఒక యింట ఆ బిందె నెలాఖరువారపు సరకుల డబ్బు. ఒక యింట అది పరీక్షకు చదువుకొను ఆడపిల్లకు ఉన్న యొకే గది. ఒక యింట అది ముసలి తండ్రి మధ్యాహ్నపు నిద్ర. ఒకరాత్రి యుండువాడు ఆ బిందెను చూడనక్కఱలేదు. ఒకరాత్రికి ఏ యిల్లయినను ఓర్చుకొనును. నిలిచిన యతిథికి మాత్రము దానిని వెదకి కనుగొనుటయే మొదటి ధర్మము. ఇంటివారు చెప్పరు. చెప్పకపోవుటయే వారి మర్యాద. కనుక చెప్పకయే తెలిసికొనుట అతిథి మర్యాద కావలయును.

మన సాహిత్యము ఆతిథ్యమును ఎంత ప్రేమించెనో చెప్పనలవికాదు. మనుచరిత్రమున ప్రవరుడు దూరదేశములనుండి వచ్చినవారిని ఎదురేగి తెచ్చుకొని, పూజించి, వారు చూచివచ్చిన తీర్థములను, పర్వతములను గూర్చి అడిగి తెలిసికొనును. ఇల్లు కదలలేని గృహస్థునకు యాత్రికుని మాటలే యాత్ర. కథ చెప్పిన యతిథియు ఊరక తిన్నవాడు గాడు. లోకమును తెచ్చి యింట నిలిపినవాడు. 1919లో రవీంద్రనాథఠాకూరుగారు మదనపల్లెలో కజిన్సు దంపతులున్న కళాశాలయందు విశ్రాంతికై కొన్నాళ్లుండి, జనగణమన గీతమునకు తమ చేతితో ఆంగ్లానువాదము వ్రాసియిచ్చి పోయిరి. మహాకవికి అది చెల్లును. కాని ప్రవరుని కథలోనే మనము తొందరగా దాటిపోవు మాట యొకటి యున్నది. అతిథులెందఱు వచ్చినను, ఏ వేళ వచ్చినను, ఆయన యిల్లాలు వండుటకు అలయదని కవి ప్రశంసించెను. తీర్థములను గూర్చిన కథలు విన్నవాడు ప్రవరుడు. పొయ్యియొద్ద నున్న యామెకు ఆ కథలలో ఎన్ని వినబడెనో ఎవరైన అడిగిరా? అలయదని పొగడుట సులభము. అలసితివా యని అడుగుటయే కష్టము. ఏలయన అడిగినచో బదులు వినవలసివచ్చును.

ద్రౌపది కథ యింకను స్పష్టము. దూర్వాసుడు శిష్యసహస్రముతో వనవాసమున నున్న పాండవులయొద్దకు వచ్చునప్పటికి అక్షయపాత్రమున మెతుకు లేదు. ఆహ్వానించినవాడు ధర్మరాజు, స్నానము చేసిరండని పంపినవాడు ధర్మరాజు, గుండె చెదరినది ద్రౌపదికి. శ్రీకృష్ణుడు వచ్చి కాపాడెను గనుక అది పుణ్యకథ యయ్యెను. శ్రీకృష్ణుడు రాని యిండ్లలో అదే కథ ప్రతిదినమును జరుగుచున్నది. దానిని ఎవరును పురాణము చెప్పరు.

అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు అని మనకొక సామెత యున్నది. భార్య చేతికష్టముతో భర్త మిత్రులకు ఆతిథ్యమిచ్చి ఉదారుడనిపించుకొనుట అట్టిదే. "ఎన్నినాళ్లయినను ఉండుము" అని పిలుచుటకు ముందు, ఆ నాళ్లు ఎవరివో వారిని అడుగవలదా? ఈ మాట విదేశపు నాగరకత నేర్పినదని కొందఱు తలపవచ్చును. వారు మనుస్మృతి తృతీయాధ్యాయమునే మరల తెఱచి చూతురుగాక. క్రొత్తగా పెండ్లియైన స్త్రీలకును, బాలికలకును, రోగులకును, గర్భిణులకును అతిథులకంటె ముందే, ఏ విచారమును పెట్టుకొనక, భోజనము పెట్టుమని అచ్చట విధి కలదు. అతిథిపూజను గూర్చిన శ్లోకములను కంఠపాఠము చేసినవారిలో ఈ విధిని జ్ఞప్తియందుంచుకొన్నవారు ఎందఱు? మనకు శ్రమలేని ధర్మములు మనకు చక్కగా గుర్తుండును.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ కలదు. "స్నేహములో లెక్కలేమిటి? బిందెలు లెక్కించుకొనువారు మిత్రులగుదురా? అంత లెక్క కావలసినవాడు అద్దె చెల్లించి బసలో దిగరాదా?" అందురు. ఇందులో సత్యము కలదు. గృహస్థుడు లెక్కించినచో ఆతిథ్యము అంగడి యగును. కాని గృహస్థుడు లెక్కింపరాదనుటవలన అతిథియు లెక్కింపనక్కఱలేదని యెట్లు సిద్ధించును? ఇచ్చినవాడు మఱచుట యెంత ధర్మమో, పుచ్చుకొన్నవాడు మఱవకుండుట అంత ధర్మము. ఒకే లెక్కను ఒకరు చెఱిపివేయుచుండగా మఱియొకరు వ్రాసికొనుచుండుటయే స్నేహము. ఇరువురును వ్రాసికొన్నచో వ్యాపారము. ఇరువురును చెఱిపివేసినచో కొన్నాళ్లకు స్నేహమే చెఱిగిపోవును. బెంజమిను ఫ్రాంక్లిను అను అమెరికా విజ్ఞుడు చేపను, అతిథిని ఒక్క త్రాట గట్టి, రెండింటికిని మూడు దినములే గడువని హాస్యమాడెను. చేపలను మంచుగడ్డలలో పెట్టి కలకత్తావఱకు పంపు కొల్లేటివారు చేపకు గడువు పెంచు ఉపాయము కనిపెట్టిరి. అతిథికి గడువు పెంచు ఉపాయమేమి?

ఆ యుపాయము మన భారతమునందే యున్నది. పాండవులకు ఒక సంవత్సరము పరగృహమున గడుపవలసివచ్చినపుడు వారు విరటుని యింటికి అతిథులుగా పోలేదు, పనివారుగా పోయిరి. ధర్మరాజు కంకుభట్టయ్యెను, భీముడు వంటవాడయ్యెను, అర్జునుడు నాట్యము నేర్పెను, నకులసహదేవులు గుఱ్ఱములను, గోవులను కాచిరి, ద్రౌపది సైరంధ్రి యయ్యెను. అజ్ఞాతవాసమునకు వేషము కావలసినమాట నిజమే. అయినను చక్రవర్తులు వేషముకొఱకు వెదకికొన్నవి పనులేకాని పదవులు గావు. ఆ యింట వారికి కలిగిన అవమానములు కలిగెను. కాని ఊరక తినుచున్నారను మాట మాత్రము వారికి రాలేదు.

అమెరికాదేశపు రచయిత హెన్రీ డేవిడు థోరో చరిత్రయు ఇట్టిదే. అతడు 1841 మొదలు 1843 వఱకు మిత్రుడైన ఎమర్సను గారి యింట నివసించెను. తోటపని, ఇంటి మరమ్మతులు చేయుచు, పిల్లలకు చెలికాడై, ఆ యింటిలో నొకడుగా నుండెను. పిదప 1845 జూలై 4వ తేదీని వాల్డెను అను సరస్సు ఒడ్డున కాపురము పెట్టి రెండు సంవత్సరములకు పైగా నుండెను. ఆ నేలయు ఎమర్సనుదే. కుటీరము మాత్రము థోరో తన చేతులతో కట్టుకొన్నది. స్వావలంబనమునకు ప్రసిద్ధికెక్కిన ఆ సరస్తీరవాసము మిత్రుని భూమిపై నిలిచెననుట థోరోకు కొఱత గాదు. మిత్రుని భూమిపై నిలిచియు తన భారమును తాను మోయవచ్చునని అది మనకు తెలుపుచున్నది.

అయితే పని చేయుటలోను వివేకము కావలయును. నాలుగు దినములు వంటయింట దూఱి, గిన్నెలు తాఱుమాఱుచేసి, "నేనును సహాయపడితిని" అని సంతోషించువాడు పనిని తగ్గించినవాడు గాడు. మన యిండ్లలో పురుషుడైన అతిథి వంటయింటికి వచ్చుట ఇల్లాలికి సంకోచమును గూడ కలిగించును. అతడు చేయదగినది బిందె మోయుట, తన బట్టలు తాను ఉదుకుకొనుట, సరకులు తెచ్చుట, పిల్లలకు సాయంకాలము పాఠము చెప్పుట, వారమున కొకదినము ఊరిలోనే మఱియెచ్చటనైన తిని, ఇంటివారిని వారి యింటిలో వారినిగా ఉండనిచ్చుట. తనకు ఇంపైన పని గాక వారికి బరువైన పని వెదకుకొనుట. ఇక మిత్రుడు చేయవలసినది అంతకంటె పెద్దది. అతిథి వచ్చినపుడు పెరిగిన పనిలో సగము తానెత్తుకొనుట. అట్లు చేయనివాడు అతిథిని పిలిచినవాడు గాడు, భార్యకు పని పురమాయించినవాడు.

బసలో దిగరాదా యన్న మాటకును బదులు చెప్పవలసియున్నది. మిత్రగృహముల తలుపులు మూసి, అందఱిని అద్దెగదులకు పంపుట సులభమైన పరిష్కారమే. కాని ఆ తలుపులు మనకు ఊరక తెఱవబడినవి గావు. మన పూర్వుల ఆతిథ్యము ఎంత విశాలమని చెప్పుకొన్నను, పెక్కు వాకిళ్లలో మంచినీటికి ముందు కులము నడుగుట ఆచారమై యుండెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించినపుడు, ఆ పెండ్లిలో భోజనము చేసినవారికిని వెలి తప్పలేదు. ఒక విస్తరిముందు కూర్చుండుటకు అంత వెల చెల్లింపవలసిన దేశమిది. అగ్రహారమున పుట్టినవాడు చేపలుపట్టువారి లంకలో స్నేహితుని యింట నెలదినములు తిని, నిద్రించి, ఆ యింటి పిల్లలచేత పెదనాన్నా యని పిలిపించుకొనుట మన తాతలకాలమున ఊహకైన అందనిది. బడులలో, వసతిగృహములలో పక్కపక్కన కూర్చున్న పిల్లలు పెరిగి పెద్దవారై ఈ తలుపులు తెఱచిరి. ఇంత కష్టముమీద తెఱచుకొన్న తలుపును, ఇంటివారి విసుగుచేత మరల దగ్గఱగా వేయించుట చిన్న తప్పిదము గాదు. ఒక యింట ఎక్కువనాళ్లుండి విసిగించినవాడు తన స్నేహమునొక్కదానినే చెఱచుకొనుటలేదు. తన వెనుక రావలసినవారికి దారి మూయుచున్నాడు.

కావున ఏమి చేయవలయును? జర్మనుదేశపు తత్త్వవేత్త కాంటు 1795లో శాశ్వతశాంతిని గూర్చి వ్రాసిన గ్రంథమున ఒక భేదము చూపెను. పరదేశికి ఎచ్చటికైన వచ్చుటకును, శత్రువుగా చూడబడకుండుటకును హక్కు కలదు. కాని ఒక యింట అతిథియై కొంతకాలము నివసించుటకు హక్కు లేదు. దానికి ప్రత్యేకముగా ఒక యొడంబడిక కావలయును. రాజ్యములకొఱకు చెప్పిన యీ మాట గృహములకును చెల్లును. మనవారికి ఆతిథ్యము కలదు, ఒడంబడిక లేదు. "ఎన్నినాళ్లుందువు?" అని అడుగుట మనకు పరమామర్యాద. అడుగలేక యింటివారు లోలోపల దినములు లెక్కింతురు. అడుగబడక అతిథి లెక్క మఱచును. ఇరువురును మంచివారే, ఇరువురి మంచితనమువలననే ఇరువురికిని బాధ కలుగును.

దీనికి మందు మిక్కిలి చిన్నది. తిథి లేనివాడు అతిథి గదా. నిలువదలచినవాడు తిథిని తనతో తెచ్చుకొనవలయును. వచ్చిన మొదటి సాయంకాలమే, ఎవరును అడుగకమునుపే, "నేను వచ్చు ఏకాదశినాడు పోదును" అని యింటిల్లిపాదియు వినునట్లు చెప్పవలయును. చెప్పిన దినమున పోవలయును. ఉండుమని మిత్రుడు బలవంతపెట్టినచో, మిత్రుని గాక ఇల్లాలిని చూచి బదులు చెప్పవలయును. ఈ యొక్క మాటతో ఇంటిలోని గాలి మాఱిపోవును. ఎన్నడు పోవునో తెలిసినవానికి పెట్టునపుడు చేయి బరువెక్కదు. ఇరువది దినములును ఉత్సవముగా గడచును. గడువు చెప్పుట ప్రేమకు తక్కువ యనుకొనుట పొరపాటు; ఉత్సవములకెల్ల తిథి యుండుటచేతనే అవి యుత్సవములు.

కొల్లేరే యొక పెద్ద యిల్లని తలచి చూడుడు. కొల్లేటికోటలో వెలసిన దేవత పేరు పెద్దింట్లమ్మ. ఆ యింటికి ప్రతి శీతకాలమును చలిదేశములనుండి పక్షులు వచ్చును; ఎండలు ముదురకమునుపే పోవును. పోవునపుడు వాటి రెట్ట నీటికి, నేలకు ఎరువై మిగులును. చెంగల్పట్టు ప్రాంతమున వేడంతాంగలు గ్రామస్థులు ఈ లాభము నెఱిగినవారై, తమ చెఱువుకు వచ్చు పక్షులను ఎవరును కాల్చకుండ 1798లోనే దొరలయొద్ద కౌలు వ్రాయించుకొనిరి. వచ్చి, కొంత యిచ్చి, వేళకు పోవు అతిథికి ఇంటివారే కావలియుందురు.

అదే యింట తిథి లేని యతిథులును చేరిరి. చేపలచెఱువులు మొదట కొద్దిగా వచ్చెను. పిదప దూరమునుండి పెట్టుబడులు వచ్చెను, గట్లు లేచెను, నీటిదారులు మూసికొనిపోయెను. 1946లో కె. కె. నీలకంఠన్ గారు (వారును ఆంగ్లసాహిత్యోపాధ్యాయులే) కొల్లేటి ప్రాంతమున సుమారు 3,000 గూడబాతులు గూళ్లుకట్టు స్థావరమును కనుగొనిరి. 1975 ప్రాంతమున అది శూన్యమయ్యెను. 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రాంసారు పట్టికలో చేరెను. 2006లో ప్రభుత్వము గట్లను పగులగొట్టించెను. కైకలూరు చేరువ ఆటపాకలో చెట్లు చాలక, అటవీశాఖవారు ఇనుపమంచెలు నిలిపిరి. గూడబాతులు వాటిమీద గూళ్లు కట్టుచున్నవి. గట్లు తెగినపుడు కూలి పోయిన లంకవాసులు అతిథులు గారు, ఆ యింటి బిడ్డలు; వారి గోడు వేఱు. కాని రాబడి తీసికొని బిందెను చూడని పెట్టుబడులవారు మాత్రము నేను చెప్పుచున్న నిలిచిన యతిథికి పెద్ద యద్దమువంటివారు. గడువు చెప్పక నిలిచినవానిని వెడలించుటకు తుదకు ఎంత బలము కావలసివచ్చునో ఆ పగిలిన గట్లు చెప్పును.

ఇక ఋణము మాట. మిత్రగృహమున నెలదినములున్నవాడు ఆ ఋణమును తీర్చుకొనుటెట్లు? డబ్బిచ్చిన వారు నొచ్చుకొందురు. చీర పెట్టిపోయినచో ఋణము తీఱినట్లు మనమే మోసపోదుము. మన పెద్దలు దీనికి చెప్పిన మార్గము మంచిదే: తిన్న యింట తీర్పరానిది తన వాకిట తీర్పవలయును. రేపు ఎవడో యొక యాత్రికుడు మన తలుపు తట్టినపుడు ఈ పద్దు వానికి చెల్లింపవలయును. దీనివలన ఆతిథ్యము ఒక యింటినుండి మఱియొక యింటికి నడచుచుండును.

కాని ఈ మార్గములో ఒక మోసము దాగియున్నది. నడచుచున్న ఈ ఋణము ఎల్లప్పుడును పురుషుని వాకిటినుండి పురుషుని వాకిటికే నడచుచున్నది. యాత్రికుడు తిరిగి గృహస్థుడగును, గృహస్థుడు ఒకనాటికి యాత్రికుడగును. నీరు మోసిన యామె మాత్రము ఈ చోటనైనను ఆ చోటనైనను నీరు మోయుచునే యుండును. మన లంకగ్రామములలో నలువది సంవత్సరములు అతిథులకు వడ్డించి, తాను ఒక్క దినమైనను పరుల యింట అతిథిగా కూర్చుండి యెఱుగని స్త్రీలు ఎందఱు లేరు? పుట్టింటికి పోయినను పురిటికో పెండ్లికో పోయి, అచ్చటను వంటయింటనే యుందురు.

కావున దీర్ఘయాత్ర చేయువారు ప్రయాణమునుండి తిరిగివచ్చిన పిదప ఆ సరస్తీరపు యింటికి ఒక జాబు వ్రాయవలయునని నా మనవి. జాబు మిత్రుని పేర గాదు, ఆమె పేర. "అమ్మా, మీరు మా యూరు రండు. ఏ తిథిని వత్తురో, ఎన్నాళ్లుందురో మీరే నిర్ణయింపుడు. పిల్లలను, పాడిని అన్నగారు చూచుకొందురు. ఇచ్చట మీరు చేయవలసిన పని లేదు" అని. ఆమె వచ్చినపుడు గడప దగ్గఱ చెంబుతో నీళ్లిచ్చువాడు ఆ యాత్రికుడే కావలయును. ఆమె మొదట కూర్చుండలేక వంటయింటివైపు చూచును, కూర్చుండబెట్టవలయును. ఆమె చూడదలచినది చూపవలయును. ఆమె చెప్పునది వినవలయును. ఆమె తన మాటలలో తన కొల్లేటిని గూర్చి చెప్పిననాడు, తాను నెలదినములు దాని యొడ్డుననే యుండియు చూడనిదెంత కలదో ఆ యాత్రికునకు తెలియును.